మానసిక వైద్యానికి మొదటి గుమ్మం

(ఆశా కార్యకర్తలు, నర్సులు, కౌన్సిలర్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, ఇమాములు, ఉపాధ్యాయులను ఒకచోట కూర్చోబెట్టి నిర్వహించిన ఒకరోజు మానసిక ఆరోగ్య శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వైద్యుణ్ణి కాను, ఆలిమ్‌ను కూడా కాను. ముప్ఫయి మూడేళ్ళు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి, అందులో పదకొండేళ్ళు ఆరోగ్యశాఖకు చెందిన ఒక కార్యాలయంలో శిక్షణా కార్యక్రమాల ఫైళ్ళు చూసి, పదవీ విరమణ పొందినవాణ్ణి. కాబట్టి ఈ వేదికమీద నాకున్న అర్హత ఒక్కటే. శిక్షణలు ఎలా మొదలవుతాయో మీకందరికీ తెలుసు. అవి ఎలా ముగుస్తాయో నాకు తెలుసు.

ఒక శిక్షణ మంజూరు కాగానే ఒక ఫైలు పుడుతుంది. ఆహ్వాన పత్రాలు, హాజరు పట్టిక, భోజనాల బిల్లు, ప్రయాణ భత్యం రసీదులు, నాలుగు ఫొటోలు ఒకదాని తరువాత ఒకటి అందులో చేరుతాయి. చివరకు యూటిలైజేషన్ సర్టిఫికెట్ పైకి వెళ్తుంది. వెళ్ళిన రోజున నేను ఫైలు చివర ‘ఎల్.డిస్.’ అని రాసి కట్ట కట్టేవాణ్ణి. అంటే ఇక ఎవరికీ పని లేనిది, కొంతకాలం తరువాత చింపివేయదగినది అని అర్థం. ఆ ఫైళ్ళలో భోజనం ప్లేటు ధర ఉండేది, పెన్నుల సంఖ్య ఉండేది. శిక్షణ పొందిన వ్యక్తి ఆ తరువాత ఒక్క రోగినైనా గుర్తించాడా, గుర్తించినవారిని ఎక్కడికి పంపాడు, పంపినవారు అక్కడికి చేరారా అన్న ప్రశ్న మాత్రం ఏ కాగితంమీదా ఉండేది కాదు. అడగాలని నాకూ తోచలేదు.

తోచేటట్టు చేసింది మా ఇంటి కథ. మా ఆపా కుమారుడు ఇరవై నాలుగేళ్ళ వయసులో కువైటు నుంచి తిరిగి వచ్చాడు. వచ్చిన మూడు నెలలకు నిద్ర పోయింది. గోడకు అవతలివారు తన మాటలు వింటున్నారని అనేవాడు. తల్లి వండిన అన్నం ముట్టేవాడు కాదు. “మామూ, వాళ్ళు రాత్రంతా నా పేరే పిలుస్తున్నారు” అని నా చేయి పట్టుకుని ఏడ్చేవాడు. సరిగ్గా అదే నెలలో నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు మానసిక ఆరోగ్య శిక్షణ కోసం ఆహ్వాన పత్రాలు టైపు చేయిస్తున్నాను. పగలు ఆ పత్రాలమీద నంబర్లు వేసి, సాయంత్రం బస్సెక్కి పిల్లవాణ్ణి ఒక ఆమిల్ దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆసీబ్ అన్నారు. తరువాత మరొకరి దగ్గరకు వెళ్ళాము, ఆయన చేతబడి అన్నారు. ఒకచోట అయితే గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. ఈ విధంగా పద్నాలుగు నెలలు గడిచాయి. ఆపా గాజులు పోయాయి, బావగారి ఆటో పోయింది.

ఆ పద్నాలుగు నెలలలో ఆ పిల్లవాణ్ణి ఎవరెవరు చూశారో నేను తరువాత వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. గర్భిణుల వివరాల కోసం ప్రతి నెలా మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త చూసింది. నిద్ర కోసం సూదులు వేసిన ఆర్.ఎం.పి. చూశాడు. చీటీ లేకుండా మాత్రలు ఇచ్చిన మందుల దుకాణం యజమాని చూశాడు. అర్ధరాత్రి బస్టాండులో తిరుగుతుంటే పట్టుకుని ఇంటికి పంపిన కానిస్టేబులు చూశాడు. ఆరోగ్య కేంద్రం వైద్యుడు చూసి గ్యాస్ అన్నాడు. ఆయన ఏ శిక్షణకు హాజరై సంతకం పెట్టాడో ఆ పట్టిక నా బీరువాలోనే ఉంది. మదరసా ఉస్తాదు చూశారు. చివరగా మా మస్జిదుకు కొత్తగా వచ్చిన ఇమామ్ సాహెబ్ చూశారు. అసర్ నమాజు తరువాత ఆయన వాడి పక్కన గంటసేపు కూర్చున్నారు. వాడు చెప్పిందంతా విన్నారు, ఒక్క మాటా ఖండించలేదు. తరువాత నన్ను పక్కకు పిలిచి, “నేను దువా చేస్తాను. మీరు రేపే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. రెండూ జరగాలి, ఒకటి ఆగి రెండవది కాదు” అన్నారు.

వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, “ఇన్నాళ్ళు ఎక్కడున్నారు?” ఈ జబ్బులో చికిత్స లేకుండా గడిచిన కాలం ఎంత ఎక్కువైతే కోలుకోవడం అంత కష్టమని ఆయన చెప్పారు. ఇప్పుడు మావాడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుకుంటున్నాడు, మందులు వాడుతున్నాడు. ఈ సంగతి ఇక్కడ చెప్పవచ్చునా అని వాణ్ణి అడిగే వచ్చాను. “చెప్పు మామూ, పేరు మాత్రం వద్దు” అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో తరువాత చెబుతాను.

ఏడుగురు చూశారు. అందులో ముగ్గురు ఏదో ఒక ప్రభుత్వ శిక్షణ పొందినవారే. కానీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఆశా కార్యకర్త ఇమాముతో ఎన్నడూ మాట్లాడలేదు. ఇమాముకు ఆరోగ్య కేంద్రం వైద్యుని ముఖం తెలియదు. కానిస్టేబులు పిల్లవాణ్ణి ఇంటికి పంపాడే గాని ఆసుపత్రికి పంపవచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. ఎవరికివారికి విడివిడిగా శిక్షణ ఇచ్చి విడివిడిగా ఇంటికి పంపినందువల్ల వచ్చిన ఫలితం అది. ఇవాళ మీ అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాలని మా కమిటీ పట్టుబట్టడానికి కారణం అదే.

ఇది మనం ఎవరినో దయ చూపమని అడుగుతున్నది కాదు. చట్టంలో ఉన్నది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల నుంచి మానసిక వైద్యం పొందే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. మతాన్ని బట్టి, సంస్కృతిని బట్టి, కులాన్ని బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి వివక్ష చూపరాదని స్పష్టంగా చెప్పింది. హక్కుల గురించి మాట్లాడే మనవారు ఈ సెక్షన్ వరకు వచ్చి ఆగిపోతారు. ఒక గుమాస్తాగా నన్ను ఆకర్షించినవి 30, 31, 32 సెక్షన్లు. పోలీసులతో సహా ప్రభుత్వ అధికారులకు ఎప్పటికప్పుడు అవగాహనా శిక్షణ ఇవ్వాలని 30 చెబుతుంది. ప్రభుత్వ ఆరోగ్య సంస్థలలోని, జైళ్ళలోని వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో కనీసం శిక్షణ ఇచ్చి తీరాలని 31 చెబుతుంది. జనాభాకు తగిన సంఖ్యలో మానసిక వైద్య నిపుణులు ఉండేటట్టు పదేళ్ళలోపు అంతర్జాతీయ ప్రమాణాలను అందుకోవడానికి ప్రయత్నించాలని కూడా అదే సెక్షన్ అంటుంది. ఆ పదేళ్ళు 2028 మే నాటికి పూర్తవుతాయి. ఆరోగ్యం, హోం, విద్య, సామాజిక న్యాయం, మహిళా శిశు సంక్షేమం మొదలైన శాఖల మధ్య సమన్వయం ఉండాలన్నది 32. మనం ఇవాళ అడుగుతున్నదంతా ఈ మూడు సెక్షన్లలో ఉంది. దరఖాస్తు రాసేటప్పుడు వీటిని ఉదహరించండి. సెక్షన్ నంబరున్న దరఖాస్తును పక్కన పడేయడానికి గుమాస్తా జంకుతాడు. ఇది నా అనుభవం.

ఆ పదేళ్ళ గడువులో మనం ఎంత దూరం నడవాలో చూడండి. మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు, 0.75 అన్నది సాధారణంగా చెప్పే లెక్క. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో దాదాపు పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. చికిత్స అవసరమై కూడా అందనివారు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది వరకు ఉన్నారు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అయినా మన స్థితి వేరుగా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు.

నిపుణులు తక్కువైనప్పుడు వారి జ్ఞానాన్ని కింది మెట్టుమీద ఉన్నవారికి పంచిపెట్టడం కొత్త ఆలోచన కాదు. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో నిమ్‌హాన్స్ వారు 1980 దశకంలోనే ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఈ పని చేసి చూపించారు. దాని నమూనాలోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలైంది. అప్పటి మన రాష్ట్రం నుంచి మెదక్ అందులో ఉంది. అంటే తెలుగు నేలకు ఈ సంగతి పరిచయమై ఒక తరం గడిచింది. అయినా హైదరాబాదులో ఇవాళ్టికీ ‘ఎర్రగడ్డ’ అన్నది తిట్టు. విశాఖలో ‘చినవాల్తేరు’ అన్నా అంతే. రెండూ వైద్యం దొరికే ఊళ్ళ పేర్లు. ఆ పేరు తిట్టుగా ఉన్నంతకాలం మనవారు ఆ గేటు దాకా పోరు. అంతకుముందే ఉన్న మరో గుమ్మం దగ్గర ఆగుతారు. మనవారికి ఆ గుమ్మం మస్జిదు, దర్గా, లేదా ఆమిల్ ఇల్లు.

అందుచేత ఇమాములను ఈ శిబిరానికి పిలవడం మర్యాద కోసం కాదు. ఇద్దరు కలిస్తేనే తెగే చిక్కులు కొన్ని ఉన్నాయి. రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది రంజాన్. మానసిక రోగులలో చాలామంది ఆ నెలలో ఎవరినీ అడగకుండా మందులు ఆపివేస్తారు. పగటి మాత్ర వేసుకోలేరు, ఉపవాసం వదలడానికి మనసు ఒప్పదు, ఉపవాసం ఉండడం లేదని ఇరుగుపొరుగుకు తెలిస్తే కారణం అడుగుతారన్న భయం ఒకటి. ఈద్ దాటాక జబ్బు తిరగబెడుతుంది. వైద్యుడు రోగిదే తప్పంటాడు. లిథియం వాడేవారి సంగతి ఇంకా ప్రమాదకరం. వేసవి ఉపవాసంలో ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో ఎక్కువై విషంగా మారవచ్చు. చేతులు వణకడం, వాంతులు, నడక తడబడడం దాని గుర్తులు. ఎవరి మందును ఇఫ్తార్ తరువాతకు, సహరీ వేళకు మార్చవచ్చునో, ఎవరు అసలు ఉపవాసమే ఉండరాదో వైద్యుడు మాత్రమే చెప్పగలడు. అయితే “నీవు ఉపవాసం ఉండకపోవడం పాపం కాదు, వ్యాధిగ్రస్తునికి అల్లాహ్ ఇచ్చిన మినహాయింపు ఇది” అన్న మాట వైద్యుడు చెబితే రోగి గుండెకు చేరదు. ఆ మాట ఇమామ్ సాహెబ్ చెప్పాలి. వైద్యులకు నా విన్నపం ఒకటే: షాబాన్ నెలలో వచ్చిన ప్రతి ముస్లిం రోగినీ ‘రోజా ఉంటారా?’ అని మీరే అడగండి. వారంతట వారు చెప్పరు. మీకు కోపం వస్తుందేమోనని భయపడతారు.

రెండవది వస్‌వసా. వుజూ సరిగా కాలేదేమోనని గంటసేపు నల్లా దగ్గర కూర్చునే మనిషిని ప్రతి మస్జిదులోనూ ఇమాములు చూసి ఉంటారు. నమాజులో నియ్యత్ కుదరలేదని పదిసార్లు తిరిగి మొదలుపెట్టేవారు ఉంటారు. కొందరు పెద్దలు అది భక్తి అనుకుంటారు, కొందరు షైతాను పని అని ఊరుకుంటారు. హద్దు దాటినప్పుడు అది ఒక వ్యాధి. దానికి మందూ ఉంది, మాటలతో చేసే చికిత్సా ఉంది. ఇందులో ఒక చిత్రమైన విషయం నాకు ఒక మనస్తత్వ నిపుణురాలు చెప్పారు. అటువంటి మనిషి రోజూ వచ్చి ‘హజ్రత్, నా వుజూ అయిందా?’ అని అడుగుతుంటే, ఇమాము దయతో రోజూ ‘అయింది నాయనా’ అని చెబుతుంటే, ఆ జబ్బు తగ్గదు, పెరుగుతుంది. ఆ ఊరడింపే దానికి ఆహారం. ఈ ఒక్క సంగతి తెలిసిన ఇమాము, ఆ నిపుణురాలితో ఫోన్లో మాట్లాడి, ఒక్కసారి ఫిఖ్‌హ్ ప్రకారం తీర్పు చెప్పి ఆపైన అదే ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండగలడు. ఆమె ఒక్కతే చేస్తే రోగి ‘ఈమెకు దీన్ ఏం తెలుసు’ అంటాడు. ఆయన ఒక్కడే చేస్తే సగంలో ఆగిపోతుంది.

ఇది మనకు పరాయి విద్య అనుకోవద్దు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్-బల్ఖీ పదో శతాబ్దంలో మరణించారు. దేహానికీ మనసుకూ కలిపి ఆయన రాసిన గ్రంథంలో భయం, దుఃఖం, కోపం, వస్‌వసా ఒక్కొక్కదానికి వేరుగా అధ్యాయం ఉంది. దేహం జబ్బు పడితే వైద్యుని దగ్గరకు పోయే మనిషి మనసు జబ్బు పడితే ఎందుకు పోడన్నది ఆయన ఆలోచన. వెయ్యేళ్ళ తరువాత మనం అదే ప్రశ్న దగ్గర కూర్చున్నాము.

దర్గాల సంగతి మాట్లాడకుండా దాటవేయడం నాకు ఇష్టం లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపల ఉన్న మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. 28 మంది చనిపోయారు. దర్గా మీద నమ్మకంతో వచ్చిన కుటుంబాల బిడ్డలు వారు. దర్గా చుట్టూ వెలసిన వ్యాపారానికి బలైపోయారు. సుప్రీంకోర్టు దానిని తనంతట తాను విచారణకు తీసుకుంది. ఇవాళ రోగిని ఏ విధంగానైనా గొలుసుతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. మన కమిటీలలో ఎవరైనా అటువంటిది చూసి ఊరుకుంటే అది విశ్వాసాన్ని గౌరవించడం కాదు.

అయితే దర్గాలకు తాళం వేయమని చెప్పడం కూడా తెలివైన పని కాదు. గుజరాత్‌లోని మెహసాణా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వ ఆరోగ్యశాఖ కలిసి ‘దవా-దువా’ అన్న పేరుతో పని మొదలుపెట్టారు. ముందుగా ముజావర్లతో మాట్లాడారు, వారి గౌరవానికి భంగం కలగదని నమ్మకం కలిగించారు, జబ్బు గుర్తులు నేర్పారు. దర్గా దగ్గరే మానసిక వైద్యుడు కూర్చునే ఏర్పాటు చేశారు. దువా కోసం వచ్చినవారిని ముజావరే ‘అటు కూడా వెళ్ళిరండి’ అని పంపుతాడు. ఆ ముజావర్ చేయి ఎత్తి చూపించడమే అక్కడి వైద్యంలో సగం. తరువాత ఏర్వాడిలోనూ తమిళనాడు ప్రభుత్వం ఇటువంటి ఏర్పాటు చేసింది. మన రెండు రాష్ట్రాలలో ఉరుసులు జరిగే పెద్ద దర్గాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వక్ఫ్ బోర్డూ ఉంది, ఆరోగ్యశాఖా ఉంది. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని మాత్రం మిగిలి ఉంది.

ఇక భాష. ఆశా కార్యకర్తల దగ్గర ఇంటింటి సర్వే ఫారం ఉంటుంది. ముప్ఫయి దాటినవారికి బీపీ, షుగరు ప్రశ్నలతో పాటు మనసుకు సంబంధించి రెండు ప్రశ్నలు అందులో ఉంటాయి: గత రెండు వారాలలో పనులమీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా నిరాశగా ఉందా అని. మంచి ప్రశ్నలే. కానీ మా వీధిలో పెద్దమ్మను ‘నిరాశగా ఉందా?’ అని అడిగితే ‘నిరాశ కుఫ్ర్ కదా, అల్‌హమ్‌దులిల్లాహ్ బాగున్నాను’ అంటుంది. ఫారంలో సున్నా పడుతుంది. అదే ఆమెను ‘దిల్ ఘబ్‌రాతా క్యా?’ అని అడిగి చూడండి. కూర్చోబెట్టి గంట చెబుతుంది. ఛాతీమీద బండ పెట్టినట్టు ఉందంటుంది, జీ నై లగ్తా అంటుంది, తల మండుతోందంటుంది. తెలుగులో మనం వాడే ‘గాబరా’ కూడా ఆ ఇంటి మాటే. ఈ మాటల జాబితా ఏ శిక్షణా పుస్తకంలోనూ లేదు, ఇక్కడ కూర్చున్న అమ్మలకు మాత్రం కంఠస్థం. శిక్షణ ఒకవైపు నుంచే సాగరాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. మధ్యాహ్నం తరువాత మీరే వైద్యులకు ఈ మాటలు చెప్పండి, వారు రాసుకుంటారు. రెండు రాష్ట్రాలలోనూ ఉర్దూ రెండవ అధికార భాష. ఆ హోదా బోర్డుల మీదనే కాక ఓ.పి. గదిలోకి కూడా రావాలి.

స్త్రీల విషయంలో మరొక చిక్కు. భాష రాదని, పర్దా అని, కోడలి బదులు అత్త మాట్లాడుతుంది, భార్య బదులు భర్త మాట్లాడతాడు. బాధకు కారణం ఆ భర్తే అయితే? ఆ అత్తే అయితే? వైద్యులు నొచ్చుకోవద్దు, రోజుకు వందమందిని చూసే మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా ఐదు నిమిషాలు ఆమెను నర్సుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. ప్రసవమైన నెలలోపు నిద్రలేక వింతగా ప్రవర్తించే బాలింతను ‘గాలి సోకింది’ అని ఇంట్లో ఉంచుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి పంపాలని ఆశా కార్యకర్తలకు నేను ప్రత్యేకంగా చెబుతున్నాను. తల్లీబిడ్డలు ఇద్దరి ప్రాణాలకూ ముప్పున్న సందర్భం అది.

మావాడు ‘పేరు వద్దు మామూ’ అన్న మాటకు వస్తాను. వాడికి ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారు. మన మొహల్లాలలో ఒక ఇంట్లో మానసిక వ్యాధి ఉందని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లల సంబంధాలు ఆగిపోతాయి. మంచి మనసున్న కార్యకర్తలే ఈ కీడు చేస్తారు. ‘పాపం, ఫలానావారి అబ్బాయికి ఇలా ఉందట, దువా చేయండి’ అని నమాజు తరువాత నలుగురికి చెబుతారు. అక్కడితో అయిపోయింది. చట్టంలో 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచమని వైద్యులను ఆదేశిస్తుంది. మనమీద ఆ సెక్షన్ పనిచేయకపోవచ్చు, కానీ అమానత్ అన్నది ఒకటి ఉంది. వాట్సాప్ గ్రూపులో రోగి పేరు, ఫొటో, చీటీ పెట్టి సలహా అడగడం ఈ రోజుతో ఆపివేయాలి. ఈ విషయంలో మా కమిటీలోనే నిరుడు ఒక పొరపాటు జరిగింది. ఆ కుటుంబం మాతో మాట్లాడడం మానివేసింది, పిల్లవాని చికిత్స ఆగింది. తప్పు మాదే.

సాయంత్రం మీకు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. దానిని చట్రం కట్టించి గోడకు తగిలించి కౌన్సిలర్ అని బోర్డు పెట్టవద్దు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఏళ్ళ తరబడి చదవాలి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఒక్క రోజు శిక్షణతో మనకు వచ్చేది మూడు పనుల అర్హత మాత్రమే. బాధలో ఉన్న మనిషిని గమనించడం, తొందర లేకుండా వినడం, సరైన చోటికి చేర్చడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పే మానసిక ప్రథమ చికిత్స కూడా ఈ మూడింటి మీదనే నిలబడి ఉంది. ‘చచ్చిపోవాలని ఉంది’ అన్న మాట ఎవరి నోటినుంచైనా వస్తే, అది హరామ్ అని ఉపన్యాసం మొదలుపెట్టకండి. ఆ మనిషికి అది ముందే తెలుసు, తెలిసి కూడా ఆ మాట అన్నాడంటే ఎంత బాధలో ఉన్నాడో చూడండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు, మాత్రలు ఉంటే చేతికందకుండా తీయించండి. పోలీసు కేసు అవుతుందని దాచకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి శిక్షించరాదని 115వ సెక్షన్ చెబుతోంది. టెలీ మానస్ నంబరు 14416 రాసుకోండి. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును మస్జిదు నోటీసు బోర్డుమీద నమాజు వేళల పక్కనే రాయించండి. మా మస్జిదులో రాయించాము. మొదట ఒకరిద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఒక రాత్రి వారిలో ఒకరి ఇంటినుంచే ఆ నంబరుకు ఫోను వెళ్ళిందని తరువాత ఆయనే నాకు చెప్పారు.

ఇక కాగితం సంగతి. గుమాస్తాను కదా, కాగితం లేకుండా సభ ముగించలేను. మీ ముందున్న బల్లలమీద పచ్చ రంగు కాగితం ఒకటి ఉంది. అందులో ఏడు గళ్ళు ఉన్నాయి: మీ ప్రాంతపు ఆశా కార్యకర్త, ఆరోగ్య కేంద్రం వైద్యుడు, జిల్లా మానసిక ఆరోగ్య బృందం, ఇమాము, బడి ఉపాధ్యాయుడు, పోలీస్ స్టేషన్, మహిళా కార్యకర్త. మా ఆపా కుమారుణ్ణి చూసిన ఏడుగురిని తలచుకుని గీసిన గళ్ళు అవి, ఆర్.ఎం.పి.ని, మందుల దుకాణాన్ని తీసివేసి మరో ఇద్దరిని చేర్చాను. ఒక్కొక్క గడిలో పేరు, ఫోను నంబరు ఉండాలి. ఆ మనుషులలో చాలామంది ఈ గదిలోనే ఉన్నారు కనుక లేచి వెళ్ళి అడిగి రాసుకోండి. ఎవరి గడి ఖాళీగా ఉందో వెనుక రాయండి, ఆ ఖాళీల జాబితాతోనే జిల్లా అధికారులకు 31, 32 సెక్షన్ల కింద దరఖాస్తు పెడతాము. కాగితం కింద రోగి పేరు రాయడానికి చోటు లేదు, కావాలనే పెట్టలేదు. ఎందరిని పంపారు, ఎందరు చేరారు, ఎందరు రెండవసారి వెళ్ళారు అన్న మూడు అంకెలు చాలు. మూడు నెలల తరువాత ఇదే హాలులో కలుద్దాం. అప్పటివరకు ఈ ఫైలుమీద ఎల్.డిస్. రాయను.

జొహర్ నమాజుకు ఇంకా పాతిక నిమిషాలు ఉంది. ముందుగా ఇమామ్ సాహెబులు, ఆశా కార్యకర్తలు ఒకరి గళ్ళు ఒకరు నింపుకోండి. పెన్నులు తలుపు దగ్గర ఉన్నాయి. వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చి వెళ్ళండి, లెక్క నేను చూస్తాను.